కారు దిగని మేస్త్రి

"మీ ఆయన నా కారు దిగడం లేదమ్మా," అన్నాడు పళ్ళ డాక్టరు.

షెడ్డులో మోగుతున్న సుత్తి చప్పుడు ఠక్కున ఆగిపోయింది. మడ్‌గార్డు సొట్ట తీస్తున్న మరిది సుత్తిని గాల్లోనే ఉంచి వదిన వైపు చూశాడు. వదిన మాత్రం వైసు పట్టుకారులో బిగించిన పైపు మీంచి తల ఎత్తలేదు. ఆ వీధిలో అందరూ ఆమెను పైపులక్క అంటారు. అసలు పేరుతో బ్యాంకువాళ్ళకు తప్ప ఇంకెవరికీ పని పడలేదు.

"మా ఆయన పోయి ఏడాది కావస్తోంది డాక్టరుగారూ," అంది.

"తెలుసమ్మా, తెలిసే చెబుతున్నా. బతికున్న మనిషైతే దిగవయ్యా అని నేనే చెప్పుకునేవాణ్ణి కదా."

నవ్వొచ్చే మాటే గానీ డాక్టరు మొహంలో నవ్వు లేదు. రోజూ ఊరందరి చేతా నోరు తెరిపించే మనిషి తన నోరు తెరవడానికి అంత అవస్థ పడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. స్టూలు వేసి, మంచినీళ్ళిచ్చాక అప్పుడు చెప్పాడు.

ఆ కారు ఆమె మొగుడు, షెడ్డు మేస్త్రి, కట్టిన ఆఖరి బండి. పాతకాలపు బాడీలో పెద్ద ఇంజను పెట్టి, డాక్టరు ముచ్చటపడినట్టల్లా తయారుచేసి ఇచ్చాడు. ఊళ్ళో తిరిగినంతసేపు అది బంగారం. రాళ్ళ క్వారీ ఎత్తు ఎక్కితే మాత్రం పైమలుపు దగ్గర రొప్పుతుంది, గిలగిల్లాడుతుంది, ఆగిపోతుంది. ఆగినందుకు కాదు డాక్టరు భయపడింది. ఆగిన కాసేపటికి పక్క సీటు కుంగుతుందట, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు. గొంతు సవరించుకున్న చప్పుడు వస్తుందట. తర్వాత సీటు మెల్లగా లేస్తుంది. అప్పుడు తాళం పదేపదే తిప్పితే బండి మళ్ళీ అంటుకుంటుంది.

"మొదట్లో నా భ్రమేమో అనుకున్నా. మొన్న మా కాంపౌండరును కూర్చోబెట్టుకు వెళ్ళాను. వాడు వెనక సీట్లోంచి చూసి, దిగి, నడిచి ఇంటికెళ్ళిపోయాడు. ఇవాళ్టికీ పనిలోకి రాలేదు."

గొంతు సవరించుకోవడం మేస్త్రి అలవాటని ఆ వీధిలో పిల్లలకు కూడా తెలుసు. ఆ మలుపు కథా అందరికీ తెలుసు. తను కట్టిన ప్రతి బండినీ మేస్త్రి ఆ ఎత్తు మీదే పరీక్షించేవాడు. క్వారీ ఎక్కిన బండి ఎక్కడైనా ఎక్కుతుంది అనేవాడు.

"మా అన్నయ్యకు బతికుండగా షికార్లు తిరిగే తీరిక లేదు. ఇప్పుడు దొరికిందేమో," అన్నాడు మరిది. అన్నాక నాలిక కరుచుకుని, వదిన చూడకముందే సుత్తి అందుకున్నాడు.

"బండి ఇక్కడ వదిలివెళ్ళండి, నేను చూస్తాను," అంది పైపులక్క.

ఆమె గొంతు మామూలుగానే ఉంది. చేతిలో స్పానరు మాత్రం నట్టు మీద నిలవకుండా జారిపోతోంది.

ఆ షెడ్డులో ఎవరి పని వాళ్ళది. ఇంజనూ వెల్డింగూ మేస్త్రివి. సొట్టలూ రంగులూ తమ్ముడివి. పైపులన్నీ ఆమెవి. రబ్బరు గొట్టం మీద సన్నని స్టీలు తీగను జడలా అల్లిన పైపులవి. పెట్రోలు, ఆయిలు, బ్రేకు నూనె అన్నీ వాటిలోనే పారతాయి. అంగడివాళ్ళు ఏ పేరు పెట్టి అమ్మినా ఆ షెడ్డులో వాటి పేరు జడ పైపులే. కోసేచోట టేపు బిగించి చుట్టాలి, లేదంటే అల్లిక విచ్చుకుని తీగ ముక్కలు వేళ్ళలో దిగుతాయి. కోసిన చివరను నట్టులోకి తొయ్యాలి. ఫిట్టింగు ముక్కుకు, అంటే పైపులోకి దిగే సన్న గొట్టానికి, నూనె రాసి, తొందరపడకుండా తిప్పుతూ, రబ్బరులోకి దించాలి. తొందరపడితే పైపు నట్టులోంచి ఒక పిసరు వెనక్కి జారుతుంది, లేదా ముక్కు రబ్బరును గీరేస్తుంది. రెండూ పైకి కనిపించే తప్పులు కావు. అందుకే ఆమె ఒక్కో చివరా అయ్యాక టార్చి వేసి లోపలికి చూసేది. అంతా బాగుంటే నట్టు మీదుగా గోళ్ళరంగుతో ఒక ఎర్ర గీత గీసేది. ఎప్పుడైనా ఆ గీత తప్పిందంటే నట్టు కదిలిందని లెక్క. పెళ్ళైన కొత్తలో మేస్త్రి ముచ్చటపడి తెచ్చిన గోళ్ళరంగుతో మొదలైన అలవాటది. గ్రీజు చేతులకు సోకులెందుకని ఆమె దాన్ని నట్లకు పెట్టింది. ఆయన ఉడుక్కున్నాడు గానీ, సీసా అయిపోయినప్పుడల్లా మళ్ళీ తెచ్చేవాడు.

ఈ డాక్టరు కారుకే, ట్యాంకు నుంచి ముందున్న పంపు దాకా వెళ్ళే పొడుగు పైపు చేస్తున్నప్పుడు, మొగుడూ పెళ్ళాలకు మాట పట్టింపు వచ్చింది. ఒక చివర అయిపోవస్తోంది. డాక్టరు బండి కోసం వచ్చి నిలబడ్డాడు. ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు. మేస్త్రికి పదిమందిలో ఉన్నప్పుడే నోరు ఎక్కువ.

"ఎంతసేపే? నట్టు తిప్పడమేగా. నేర్పితే కోతి కూడా తిప్పుతుంది," అన్నాడు.

అందరూ నవ్వారు. ఆమె ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న చివరను బరబరా తిప్పి బిగించేసింది, గీత గీసింది, స్పానరు బల్ల మీద పడేసింది. "అయితే ఆ కోతినే పిలుచుకో, రెండో చివర అది చేస్తుంది," అని, చెప్పులు వేసుకుని, అట్నుంచి అటే అక్కగారింటికి వెళ్ళిపోయింది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ మాట చెప్పేవాళ్ళు ఎవరూ ఆ రోజు ఆ షెడ్డులో లేరు. తనే పిలుస్తాడులే అని ఆమె, తనే వస్తుందిలే అని ఆయన, ఇద్దరూ బిగుసుకు కూర్చున్నారు. రెండో చివర మేస్త్రే చేసుకుని, బిగించి, ఆ ఒక్కసారి క్వారీ ఎక్కించి చూడకుండానే బండి అప్పగించాడు. ఆ వారంలోనే వెల్డింగు చేస్తూ చేస్తూ గుండె పట్టుకుని పడిపోయాడు. కబురు తెలిసి ఆమె వచ్చేసరికి షెడ్డు నిండా జనం. ఆయన ముక్కుకు రెండు పక్కలా వెల్డింగు అద్దాల ఒత్తు ఇంకా ఎర్రగానే ఉంది.

ఆయన జన్మలో చేసిన జడ పైపు పని ఆ ఒక్క చివరే. అది ఈ కారులో ఉంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ, వీధి సద్దుమణిగాక, ఆమె ఒక్కతే కారు తీసింది. దయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయని ఎవరు చెప్పారో గానీ వాళ్ళు మిట్టమధ్యాహ్నం క్వారీ రోడ్డు చూసి ఉండరు. తెల్లటి దుమ్ము, తెల్లటి ఎండ, ఎక్కడా పిట్ట అరవదు. కింది మలుపు చక్కగా ఎక్కింది. పైమలుపులో ఆక్సిలరేటరు అదిమేసరికి ఇంజను రొప్పడం మొదలుపెట్టింది. మూడో ఊపిరికి ఆగిపోయింది. ఆమె హ్యాండు బ్రేకు లాగి, కళ్ళు రోడ్డు మీద నుంచి తిప్పకుండా కూర్చుంది.

వేడి ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. తర్వాత అదీ లేదు. పక్క సీటు స్ప్రింగు చిన్నగా మూలిగింది. కంటి కొసకు సీటు తోలు కుంగడం కనబడింది. కాలిన ఇనుము వాసన వచ్చింది, వెల్డింగు ఆపిన వెంటనే ఆయన చొక్కాలోంచి వచ్చే వాసన. ఖళ్ళు ఖళ్ళుమని గొంతు సవరించుకున్న చప్పుడైంది.

ఆమెకు పారిపోవాలనిపించలేదు. తిరిగి చూస్తే ఉండడేమోనని మాత్రం భయమేసింది. ఏడాదిగా కడుపులో కుక్కుకున్న మాటలన్నీ ఒక్కసారి గొంతులోకి ఎగదన్నుకొచ్చాయి. తీరా నోరు తెరిస్తే వచ్చిన మాట ఇంకోటి.

"తిన్నావా?" అంది.

కాసేపటికి సీటు లేచింది. వాసన పోయింది. తాళం తిప్పగా తిప్పగా బండి అంటుకుంది. షెడ్డుకు వచ్చేసరికి ఆమె చెంపలు తడిగా ఉన్నాయి. చెమట అనుకున్నాడు మరిది, లేదా అలా అనుకున్నట్టు నటించాడు.

ఆ సాయంత్రం కారు కిందికి దూరి టార్చి వేసి చూసింది. ట్యాంకు దగ్గర పైపు చివర కనబడింది. నట్టు మీదుగా పసుపు పెయింటు గీత, వంకరగా, చిన్నపిల్లాడు గీసినట్టు. ఆయన గీత. గోళ్ళరంగు ముట్టుకోవడానికి మగతనం అడ్డొచ్చి ఉంటుంది. పైపు అవతలి చివర, ఆమె చేసింది, ఇంజను దగ్గర ఉంటుంది. అక్కడ వేడి తగలకుండా మందపాటి తొడుగు వేసి ఉంది కాబట్టి ఏమీ కనబడదు. కనబడనక్కర్లేదు కూడా. సంగతి ఆమెకు అర్థమైపోయింది. అలవాటు లేని చెయ్యి. పైపు నట్టులోంచి ఒక పిసరు జారి ఉంటుంది. మామూలుగా నడిచినంతసేపు ఏమీ కాదు. ఎత్తు మీద ఇంజను గట్టిగా పీల్చేసరికి పెట్రోలుతో పాటు గాలి వస్తుంది. బండి రొప్పక ఏం చేస్తుంది? ఒక పూట పని. ఆయన చేసిన చివర ఊడదీసి మళ్ళీ చేస్తే చాలు.

ఆమె వేలితో ఆ పసుపు గీతను ముట్టుకుంది. తర్వాత టార్చి ఆర్పేసి బయటికి జరిగింది.

"ఏం తెలిసింది వదినా?" అడిగాడు మరిది.

"ఇంకా ఏం తెలియలేదు. చూడాలి."

డాక్టరు ఫోను చేస్తే ఒక పార్టు రావాలని చెప్పింది. మళ్ళీ చేస్తే అది వచ్చింది గానీ సరిపడలేదంది. అబద్ధం ఆడటం అలవాటు లేనివాళ్ళు అబద్ధమాడితే ఎంత బాగా ఆడతారో! అలవాటున్నవాళ్ళు ఆమె దగ్గర నేర్చుకోవాలి. రోజూ మధ్యాహ్నం ట్రయలు పేరుతో కారు తీసేది. పైమలుపులో బండి ఆగేది. సీటు కుంగేది. ఆమె మాట్లాడేది. షెడ్డు రేకు మళ్ళీ కారుతోందని, తమ్ముడు ఎవరో నర్సమ్మతో ఫోన్లో గుసగుసలాడుతున్నాడని, వెల్డింగు మిషను అమ్మమని అడిగినవాణ్ణి తిట్టి పంపానని. కాపురం చేసినన్నాళ్ళూ ఆయన ఇంత నోరు మూసుకుని ఆమె మాట విన్నది లేదు. ఆ మాటే అంటే స్ప్రింగు కిర్రుమంది. నవ్వాడనుకుంది.

కోతి మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే లేచి వెళ్ళిపోతాడేమోనని ఆమె భయం.

"ట్రయలుకు తల దువ్వుకుని వెళ్ళే మెకానిక్కును నిన్నే చూస్తున్నా వదినా," అన్నాడు ఒకరోజు మరిది. ఆటపట్టించడానికే మొదలుపెట్టాడు గానీ చివరికొచ్చేసరికి సుత్తి పక్కన పెట్టేశాడు. "అన్నయ్యేనా?"

ఆమె చెప్పలేదు. వాడూ మళ్ళీ అడగలేదు.

పని చెడేదంతా ఇలాంటి ఊరుకోవడంలోనే చెడుతుంది. ఆ బండితో ఆ మలుపులో ఆగడం ఎంత ప్రమాదమో ఆమెకు తెలియనిది కాదు. భోజనాల వేళ క్వారీ లారీలు తిరగవు కాబట్టి ఆమెకు ఎప్పుడూ ఏమీ కాలేదు. తనకు కానిది ఎవరికీ కాదనుకోవడం మనుషులకున్న పెద్ద జబ్బు.

ఒక ఉదయం ఆమె ఫిట్టింగులు కొనడానికి బజారుకెళ్ళింది. అంతలో డాక్టరు వచ్చాడు. వాళ్ళమ్మను క్వారీ ఎత్తుకు అవతలి ఊళ్ళో చుట్టాలింటికి దింపాలి, పిలిచిన టాక్సీ రాలేదు. బండి రిపేరు అయినట్టే కదా అన్నాడు. మరిదికి అయిందో కాలేదో తెలియదు. రోజూ వదిన నడుపుతోంది కాబట్టి అయిందనే అనుకుని తాళాలు ఇచ్చేశాడు.

మధ్యాహ్నానికల్లా కారును తాడు కట్టి లాక్కొచ్చారు. కుడిపక్క తలుపులు రెండూ నలిగి లోపలికి పోయాయి, అద్దం లేదు. పైమలుపులో ఆగిపోయిన బండిని ఎదురుగా రాళ్ళ లోడుతో దిగుతున్న లారీ రాసుకుంటూ పోయింది. లారీ డ్రైవరు ఒడుపున్నవాడు కాబట్టి రాసుకుని పోయింది. లేకపోతే చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. డాక్టరు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన తల్లి వచ్చింది. నుదుటి మీద కట్టు, చేతిలో కర్ర. మోకాళ్ళ నొప్పులతో మెల్లగా నడుచుకుంటూ వచ్చి స్టూలు మీద కూలబడింది. తిడుతుందని పైపులక్క ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"మావాడు అంటున్నాడు, మీ ఆయనే బండి ఆపుతున్నాడని," అంది పెద్దావిడ. "నేను ఆయన్ని ఒక్కసారే చూశాను తల్లీ. బండి ఇచ్చిన రోజు. నేను ఎక్కలేక అవస్థ పడుతుంటే చూసి, ఉండండి పెద్దమ్మా అని, తలుపు పక్కన పట్టుకోవడానికి పిడి ఒకటి అప్పటికప్పుడు వెల్డింగు చేసి పెట్టాడు. వేడి తగ్గేదాకా ఊదుతూ కూర్చున్నాడు. అలాంటి మనిషి నన్ను లారీ కిందికి తోస్తాడా? నాతో ఆయనకేం పగ?"

"పగ కాదమ్మా..."

"మరేంటో నువ్వు చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాను. నిన్న రాత్రంతా ఆయన్ని తిట్టుకుంటూ పడుకున్నాను. చచ్చినవాణ్ణి తిట్టడం పాపం. తప్పు లేనివాణ్ణి తిట్టడం ఇంకా పాపం."

పైపులక్కకు తల తిరిగిపోయింది. మొగుడు కళ్ళముందు ఉంటే చాలనుకుని ఆయన్ని ఆ మలుపులో కూర్చోబెట్టింది తను. ఇప్పుడు ఊరు ఆయన్ని మనుషుల్ని పట్టుకు పీడించే దయ్యమంటోంది. రేపు ఇంకెవరికైనా ఏదైనా అయితే అదీ ఆయన నెత్తినే పడుతుంది. అంతకన్నా, చేతకాక పైపు చెడగొట్టాడనిపించుకోవడమే నయం. చేతకానితనం పాపం కాదు.

"సాయంత్రానికి చెబుతానమ్మా," అంది.

కారును జాకీల మీద లేపించింది. ముందు ట్యాంకు దగ్గరి చివర ఊడదీసింది. పసుపు గీత ఎక్కడా తప్పలేదు. సరే, గీత బాగానే గీశాడనుకుంది. పైపు చివర వైసులో పెట్టి, నట్టు వదులు చేసి, ముక్కు బయటికి తీసి, టార్చి వేసింది. రబ్బరు మీద ముక్కు దిగిన అచ్చు గుండ్రంగా, శుభ్రంగా ఉంది. పైపు నట్టు లోపలి అంచు దాకా దిగి ఉంది. ఒక్క పిసరు జారలేదు. అల్లికలో ఒక్క తీగ విచ్చుకోలేదు. పొడిగా ఉండాల్సిన చోట పొడిగా, నూనె ఉండాల్సిన చోట నూనె. తను రోజూ చేసే పనిని ఇంకొకరి చేతిలో ఇంత బాగా చూడటం ఆమెకు అదే మొదలు.

మొదట గర్వం వేసింది. దొంగా, ఎప్పుడు నేర్చుకున్నావు అనుకుంది. ఆ గర్వం గడియ కూడా నిలవలేదు. ఆయన చివర బాగుంటే మరి బండి ఎందుకు రొప్పుతోంది?

బానెట్ ఎత్తి, ఇంజను పక్కన వేడికి వేసిన తొడుగును కత్తితో చీల్చింది. లోపల నట్టు మీద ఎర్ర గీత. గోళ్ళరంగు కొంచెం నల్లబడింది, అంతే. ఆ చివర ఊడదీసి లోపలికి టార్చి వేసింది.

నాలుక. రబ్బరు లోపలి పొర గీరుకుపోయి, సన్నగా నాలుకలా లేచి, ముక్కు ముందు వేలాడుతోంది. వేలి కొసతో తోస్తే వెనక్కి పోతుంది. వదిలితే మళ్ళీ వస్తుంది. ఇంజను మామూలుగా పీల్చినప్పుడు పక్కకు ఒదిగి ఉంటుంది. ఎత్తు మీద గట్టిగా పీల్చగానే వచ్చి దారి మూసేస్తుంది. ఇంజను ఆగాక మళ్ళీ మెల్లగా తెరుచుకుంటుంది. ముక్కు మీద నూనె చుక్క లేదు. ఆ రోజు కోతి మాటకు ఒళ్ళు మండి, నూనె రాయకుండా, బరబరా తిప్పేసిన చివర అది. లోపలికి చూడకుండానే గీత గీసేసిన చివర.

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. మరిది వచ్చి, పైపునూ ఆమెనూ మార్చి మార్చి చూసి, టార్చి అందుకుని తనూ లోపలికి చూశాడు.

"నీ అన్న చేసిన చివర బాగుందిరా," అంది ఆమె.

"బాగుండక? దాన్ని మూడుసార్లు చేశాడు వదినా. మొదటి రెండూ నచ్చక కోసి పారేశాడు. నువ్వొచ్చి చూస్తే వంక పెట్టకూడదని పట్టుదల. నూనె రాయరా, టేపు పట్టరా, టార్చి వెయ్యరా అని నా ప్రాణం తీశాడు. లోపలికి చూసి చూసి నాకు కళ్ళు నొప్పులంటే గానీ వదల్లేదు."

"మరి ఈ చివర? ఇది చూడలేదా?"

మరిది తల దించుకున్నాడు. చెప్పకుండా ఉండిపోదామా అన్నట్టు కాసేపు టార్చి మీటను ఆర్పుతూ వెలిగిస్తూ నిలబడ్డాడు.

"అదీ చూద్దామా అన్నయ్యా అని నేనే అడిగాను. 'అది మీ వదిన చేసిందిరా. దాన్ని మనం చూసేదేంటి?' అన్నాడు."

ఆమె ఏడ్చింది. ఆయన పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. ఆ రోజు జనం ఉన్నారు, కోపం ఇంకా పూర్తిగా ఆరలేదు. నలుగురిలో కోతి అన్నవాడు నలుగురూ లేనప్పుడు ఆ మాట అన్నాడు. ఒక్కసారి టార్చి వేసి చూసి ఉంటే, తిట్టుకుంటూ కోసి పారేసి ఉంటే, ఎంత బాగుండేది! నమ్మకుండా ఉంటే ఎంత బాగుండేది!

సాయంత్రం ఆమె డాక్టరు ఇంటికి నడిచి వెళ్ళింది. పైపు ముక్కను గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి తల్లీకొడుకుల ముందు పెట్టి, నాలుకను వేలితో కదిపి చూపించింది.

"ఆపింది మా ఆయన కాదు. నేను. ఇది నేను చేసిన చివర. ఆయన్ని ఏమీ అనుకోకండి," అంది.

డాక్టరు ఆ ముక్కను అలవాటు కొద్దీ వెలుతురుకు పట్టి లోపలికి చూశాడు. పెద్దావిడ చూడలేదు. ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. సీటు కుంగిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. దానికి ఏ పైపూ జవాబు చెప్పదు.

కొత్త పైపు రెండు చివరలూ ఆమే చేసింది. నూనె రాసింది, ఆగి ఆగి తిప్పింది, టార్చి వేసి చూసింది. చూశాక మరిది చేతికిచ్చి, "నువ్వు కూడా చూడు," అంది. వాడు ఇబ్బందిపడుతూ నవ్వాడు. "చూడమంటున్నానా? చూడరా," అని గదమాయించింది. వాడు రెండు చివరలూ చూశాకే గీతలు గీసింది.

తలుపుల సొట్టలు తీయడం పూర్తయ్యాక కారు తీసుకుని క్వారీ ఎత్తుకు బయలుదేరింది. మరిది తనూ వస్తానన్నాడు. వద్దంది. అదే వేళ, అదే ఎండ. పైమలుపు దగ్గరికి వచ్చేసరికి, ఇక్కడే ఆగుతుందని కాలు దానంతట అదే వదులైంది. మళ్ళీ అదిమింది. ఇంజను ఒక్కసారి కూడా రొప్పకుండా మలుపు ఎక్కేసింది.

మలుపు దాటాక రోడ్డు వెడల్పయ్యే చోట ఆమె పక్కకు తీసి, తనే ఇంజను ఆపింది. ఇనుము చల్లారే చప్పుడు ఆగేదాకా కూర్చుంది. ఈసారి తిన్నగా పక్క సీటు వైపు తిరిగి చూసింది. తోలు బిగుతుగా, మడత లేకుండా ఉంది. ఎండ దాని మీద పడి మెరుస్తోంది.

"నీ చివర బాగుందయ్యా. చాలా బాగుంది," అంది.

చెయ్యి చాపి సీటును అరచేత్తో అదిమి చూసింది. స్ప్రింగు మూలిగింది. చెయ్యి తీయగానే తోలు యథాప్రకారం లేచింది. ఆమె ఇంకా కాసేపు చూసింది. భోజనాల వేళ ముగిసి, కింది నుంచి వస్తున్న మొదటి లారీ హారను కొట్టింది. ఆమె తాళం తిప్పింది. మొదటి తిప్పుకే ఇంజను అంటుకుంది.